దిండు కింద జొన్నరొట్టె

మొన్న మా కోడలు దిండు గలేబు మారుస్తుంటే ఎండిపోయిన జొన్నరొట్టె ముక్క నేల మీద పడింది. ఆ పిల్ల మంచిది, చీపురు తెచ్చి ఊడ్చేసింది, అత్తకు వయసు మీద పడిందని అనుకొని ఉంటుంది. కానీ ఈ అలవాటు వయసుతో వచ్చింది కాదు.

అమ్మ చనిపోయి, నాయన ఎటో వెళ్లిపోయాక నన్నూ చెల్లెలినీ నంద్యాలలో ఒక అనాథ శరణాలయంలో చేర్చారు. కొత్త ఆంధ్ర రాష్ట్రానికి కర్నూలు రాజధాని అయిందని పెద్దవాళ్లు సంబరపడుతున్న రోజులవి. మాకు మాత్రం గంట కొట్టాక పళ్లెంలో పడిన రొట్టె మాకే దక్కుతుందా, పెద్దపిల్లలు లాక్కుంటారా అన్నదే లోకం. దక్కినదాంట్లో సగం పావడాలో దాచుకోవడం అక్కడే నేర్చాం. చెల్లెలు మరీ చిన్నది, ఎత్తుకునే చేయి లేక కూర్చున్నచోటే ముందుకూ వెనక్కూ ఊగుతూ తనను తానే జోకొట్టుకునేది, ఎవరైనా దగ్గరికి తీస్తే కొరికేది.

కొన్నేళ్లకు మా మేనత్త ఎలాగో ఆచూకీ తెలుసుకొని వచ్చి ఇద్దరినీ ఆళ్లగడ్డ తీసుకుపోయింది. మామ రాతి విగ్రహాలు చెక్కేవాడు. అత్త కడుపునిండా పెట్టింది, తలకు నూనె రాసింది, చేతి మీద చెల్లెలి పంటిగాట్లను ఓర్చుకుంది. అయినా ఆ పిల్ల రొట్టెలు దాచడం మానలేదు, దిండు కింద, గింజల కుండలో, చివరికి మామ విగ్రహాలు ఉంచే కొట్టంలోని గడ్డిలో.

ఒకరోజు పక్క పల్లెవాళ్లు తాము చేయించుకున్న ఆంజనేయస్వామిని తీసుకుపోవడానికి బండి కట్టుకొని మేళంతో వచ్చారు. విగ్రహానికి చుట్టిన గడ్డి విప్పితే స్వామి పాదాల దగ్గర కొరికిన రొట్టెలు, చీమలు. ఎంగిలి తగిలిన దేవుణ్ణి ప్రతిష్ఠ చేయకూడదని వాళ్లు ఖాళీ బండి తోలుకొని వెళ్లిపోయారు. నెలల తరబడి పడిన కష్టం పోతే పోయింది, ఈ మాట నాలుగూళ్లకూ పాకితే ఇక తన చేత దేవుణ్ణి చేయించుకునేది ఎవరని మామ తల పట్టుకొని కూర్చున్నాడు.

“పెద్దది ఉండనీ. చిన్నదాన్ని ఆడనే ఇడిసిపెట్టి రా” అన్నాడు.

“తల్లి లేని బిడ్డ, కడుపు కాలి నేర్చుకున్న పని అది” అని అత్త బతిమాలింది. రాత్రీపగలూ నేనే కాపలా ఉంటానని మామ కాళ్లు పట్టుకున్నాను. ఆయన దుర్మార్గుడు కాడు, భయపడ్డాడు, అంతే.

మర్నాడు అత్త కళ్లు తుడుచుకుంటూ చెల్లెలిని తీసుకొని నంద్యాల బస్సెక్కింది. అది ఏడవలేదు, ఇప్పటికీ నేను తట్టుకోలేనిది అదే. సీటులో ఊగుతూ కూర్చుంది, నా ముఖం చూడలేదు, కిటికీలోంచి నేనిచ్చిన రొట్టెను మాత్రం తీసుకొని పావడాలో దాచుకుంది. ఏడాది తిరక్కముందే శరణాలయం నుంచి పారిపోయిందని కబురొచ్చింది. అత్త మహానంది తిరునాళ్లలో ప్రతి ఏడూ బిచ్చగాళ్ల పిల్లల ముఖాలు వెతికేది. దొరకలేదు.

ఇప్పుడు అలాంటి పిల్లలకు డాక్టర్లున్నారట, దగ్గర కూర్చోబెట్టుకొని మెల్లగా మాట్లాడించేవాళ్లున్నారట, మనవరాలు చెప్పింది. మా రోజుల్లో దొంగబుద్ధి అన్నారు, గాలి సోకిందన్నారు. మా ఇంట్లో ఈనాడు రొట్టెకు కొదవలేదు, తినేవాళ్లు లేక మిగిలిపోతోంది. అయినా పడుకునే ముందు ఒక ముక్క దిండు కింద పెట్టుకుంటే గాని నాకు నిద్ర పట్టదు. చెల్లెలు వస్తే ముందు అడిగేది రొట్టే కదా.