పెద్దబాపు రెండో సాక్ష్యం

నా చిన్నప్పుడు మేము గోదావరి ఒడ్డున బొగ్గుబావుల క్వార్టర్లలో ఉండేవాళ్లం. మా నాన్నకు అన్న, మా పెద్దబాపు, బావిలో పనిచేస్తూనే మా చిన్న క్రైస్తవ సంఘానికి పెద్దగా ఉండేవాడు. రెండో షిఫ్టు దిగి వచ్చి అన్నం తినగానే నడుం వాల్చేవాడు. ఇక ఛాతీలో మంట, గొంతులోకి పులుపు. మంచానికి తలవైపు కోళ్ల కింద ఇటుకలు పెట్టుకుని పడుకునేవాడు. కంపెనీ దవాఖానా గోలీలు మింగేవాడు. ఆ మంట పోవాలని సంఘమంతా ఏళ్ల తరబడి ప్రార్థించింది.

ఒక ఏడు, అంతకుముందు నుంచే తగ్గుతూ వచ్చిన మంట, ఈస్టర్‌కు ముందు వచ్చే శ్రమదినాల ఉపవాస ప్రార్థనల్లో పూర్తిగా ఆగిపోయింది. ఈస్టర్ నాడు పెద్దబాపు మందిరంలో లేచి నిలబడ్డాడు.

"దేవుడు నన్ను బాగుచేసిండు. గోలీలు మోరీల పారేసిన!"

చప్పట్లతో, స్తోత్రాలతో మందిరం దద్దరిల్లింది. మాలో సాక్ష్యమంటే దేవుని ఎదుట పలికే మాట. దాన్ని ఎవరూ అనుమానించరు. చిన్నతనం నుంచి ఫిట్స్‌కు మందులు వాడుతున్న పక్కింటి అక్క కూడా అనుమానించలేదు. ఆ వారమే తన గోలీలు మానేసి, ఆ సంగతి పెద్దబాపుకు సంతోషంగా చెప్పింది. ఆయన ఆమె తల మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేశాడు.

కొన్నాళ్లకు పెద్దబాపుకు అన్నం ముద్ద ఛాతీలో ఆగడం మొదలైంది. ముద్దముద్దకూ నీళ్లు తాగి దింపుకునేవాడు తప్ప ఎవరితోనూ అనలేదు. పెద్దమ్మే కనిపెట్టి అడిగింది.

"మెల్లగ తింటున్న, గంతే" అన్నాడు.

"నీకు మెల్లగ తినుడు ఎప్పుడొచ్చింది? పెండ్లినాడు నా ఇస్తరిలది గూడ తింటివి! నడువు, కరీంనగర్ పోదాం."

నన్నూ వెంట తీసుకుపోయారు. డాక్టరు దీపమున్న గొట్టాన్ని గొంతులోంచి దింపి చూశాడు. తర్వాత నెమ్మదిగా చెప్పాడు. కడుపులోని ఆమ్లం ఏళ్ల తరబడి పైకి తన్నడంతో ఆహారనాళం లోపలి పొర స్వభావమే మారిపోయిందట. మారిన పొరకు మంట అంతగా తెలియదట. నాళం కొంత ఇరుకవడం వల్లే ముద్ద ఆగుతోందట.

"మంట లేదని జబ్బు లేదనుకోకు. గీ పొరల ఒక్కోసారి క్యాన్సర్ పుడతది. అందరికి పుట్టదు. గని మందులు ఆపొద్దు, పిలిచినప్పుడల్ల వచ్చి సూపించుకోవాలె."

చిన్న ముక్క తీసి పరీక్షకు పంపారు. రిపోర్టు వచ్చేదాకా కరీంనగర్‌లోనే ఉన్నాం. క్యాన్సర్ లేదన్నారు. పెద్దమ్మ అక్కడే మోకరించింది. పెద్దబాపు ముఖంలో మాత్రం వెలుగు లేదు. బస్సులో కిటికీ వైపు తిరిగి, "గా పోరి నా మాట ఇని గోలీలు బంజేసింది" అన్నాడు.

మేము వచ్చేసరికి అక్క చేతికి కట్టు ఉంది. పొయ్యి దగ్గర ఫిట్స్ వచ్చి పడిందట. పెద్దబాపు ఆమె గడపలోనే ఆగిపోయాడు.

"గోలీలు ఏసుకో బిడ్డా."

"మరి నీ సాక్ష్యం, పెద్దబాపూ?"

ఆయన తల వంచుకున్నాడు.

ఆదివారం మందిరంలో మళ్లీ లేచాడు.

"ఈస్టర్ నాడు నేను జెప్పింది తప్పు. మంట పోయింది, జబ్బు పోలే. నాకు తెల్వని సంగతి దేవుని పేరు మీద జెప్పిన. నా మాట ఇని ఎవలన్న మందులు బంజేస్తే ఇయ్యాల్నే మొదలువెట్టుండ్రి."

"విశ్వాసం జారిందా అన్నా?" అని వెనక నుంచి ఎవరో అన్నారు. నవ్వులు వినిపించాయి.

"విశ్వాసం జారలే తమ్మీ. నోరు జారింది."

సిగ్గుతో నేను పెద్దమ్మ ఒడిలో ముఖం దాచుకున్నాను. ఆయన ముందు వరుసలోని తన చోటికి పోలేదు. చెప్పులు విడిచేచోట, గుమ్మం పక్కన కూర్చున్నాడు. ఆ తర్వాత చాలా ఆదివారాలు అక్కడే కూర్చున్నాడు.

డాక్టరు పిలిచినప్పుడల్లా పోతూ, ముసలితనం దాకా బతికాడు. ఆ జబ్బును బారెట్స్ ఈసోఫేగస్ అంటారని ఈ మధ్యే చదివాను. అది ఎవరిలో క్యాన్సర్‌గా మారుతుందో ముందే పసిగట్టాలని ఇప్పటికీ పరిశోధిస్తున్నారట.

ఈనాటికీ ఎవరైనా స్వస్థత సాక్ష్యం చెబితే నోరారా స్తోత్రం చెబుతాను. కూడిక ముగిశాక వాళ్ల చెయ్యి పట్టుకుని, "డాక్టరుకు సూపించుకున్నవా బిడ్డా?" అని అడుగుతాను. కొందరు నన్ను అల్పవిశ్వాసి అంటారు. అప్పుడు సిగ్గుతో ముఖం వేడెక్కుతుంది. అయినా చెయ్యి వదలను, జవాబు వినేదాకా.