కాంతమ్మ పెద్దమ్మ మంచాల చందా

పాత మిర్చి గోదామును కూలగొడుతున్నారన్న కబురు నాకు మొదట తెచ్చింది మా పక్కింటి కోడలు పద్మ. మొన్న పొద్దున కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని వచ్చి, కిటికీలు మూసుకోమని చెప్పింది. అప్పటికే ఆలస్యమైంది. పూజ ముగించి హారతి పళ్ళెం కింద పెట్టబోతుంటే, కిటికీలోంచి సన్నని ఎర్రదుమ్ము వచ్చి ముక్కుకు తగిలింది. ఒకదాని వెంట ఒకటి తుమ్ములు, గొంతులో మంట, కళ్ళలో నీళ్ళు. ఆ నీళ్ళతోనే నాకు నవ్వు కూడా వచ్చింది. "ఏమైందత్తమ్మా, తుమ్ముకుంట నవ్వుతాన్రు?" అని అడిగింది పద్మ. ఆ పిల్లకు కాంతమ్మ పెద్దమ్మ ఎవరో తెలియదు. ఈ వీధిలో ఇప్పుడున్న చాలామందికి తెలియదు. తెలిసిన కొద్దిమందిలో నన్నొకదాన్ని ఇంకా మిగిల్చినందుకు దేవుడికి దండం పెట్టుకుని ఇది రాస్తున్నాను.

కాంతమ్మ పెద్దమ్మ మాకు చుట్టం కాదు, వరంగల్లులో మా ఎదురింటావిడ. మా నాన్నది కిరాణా దుకాణం. ఆమె భర్త పెద్దనాయనది మిర్చి అడ్తి, అంటే రైతులు తెచ్చిన మిర్చిని అమ్మిపెట్టే వ్యాపారం. ఆ రోజుల్లో మా ఇంట్లో ఆడపిల్లలను బడికి పంపే అలవాటు లేదు. నాకు అక్షరాలు నేర్పింది మా నాయినమ్మ. చాటలో బియ్యం పరిచి, నా వేలు పట్టుకుని దిద్దించింది. రోజూ పురాణంలో ఒక ఘట్టం చదవనిదే ఆమె పచ్చి మంచినీళ్ళయినా ముట్టేది కాదు. నాకు చదవడం బాగా పట్టుబడే నాటికి ఆమె రెండు కళ్ళలోనూ తెల్లపొర కమ్మింది. అయినా పొద్దున్నే పుస్తకం ఒళ్ళో పెట్టుకుని, పేజీ మీద అరచెయ్యి ఒకసారి ఆడించి, అప్పుడు నా చేతికిచ్చేది. నేను చదివేదాన్ని. వినడంలో ఆమెకు లోటేమీ ఉండేది కాదు కానీ, ఆ అరచెయ్యి పేజీని వదలడానికి కొంతసేపు పట్టేది. దాన్ని చూడలేక నేను తల తిప్పుకునేదాన్ని.

డెబ్బైలు వెళ్ళిపోయి ఎనభైలు వచ్చిన కాలం. ఎనుమాముల వైపు నుంచి ముసలవ్వలు పెద్దమ్మ వాళ్ళ అడ్తికి మిర్చి తొడిమలు తీయడానికి వచ్చేవారు. వారిలో కొందరు కాయను కంటితో కాక వేళ్ళతో చూస్తున్నారని ఆమె ఒకరోజు కనిపెట్టింది. అడిగితే అందరూ ఒకే మాట చెప్పారట, పోయిన జన్మలో చేసుకున్న పాపమని. ఆ మాట ఆమెకు నచ్చలేదు. పట్నంలో కంటి డాక్టరు ఒకాయన ఊరూరా శిబిరాలు పెడతాడని విని, పెద్దనాయనను వెంటబెట్టుకుని పోయి ఆయనను ఒప్పించి వచ్చింది. ఊళ్ళో చాటింపుకు రిక్షాకు మైకు కట్టించారు. కుదిర్చిన మనిషి సినిమా ప్రకటన చదివినట్టు చదువుతున్నాడని పెద్దమ్మ విసుక్కుని మైకు తనే లాక్కుంది. కంట్లో ఆకుపసరులు పోయించుకోవద్దని, సూదితో పొర నెడతామని వచ్చే వాళ్ళను గడప తొక్కనివ్వద్దని, కాశిబుగ్గ నుంచి స్టేషను దాకా చెప్పుకుంటూ పోయింది. అడ్తి ముందు నుంచి రిక్షా పోతున్నంతసేపు పెద్దనాయన బస్తాల చాటున కూర్చున్నాడని అందరూ చెప్పుకున్నారు.

మా నాయినమ్మ మాత్రం ఆ మైకుకు లొంగలేదు. దేవుడు ఇచ్చిన శిక్షను డాక్టరు చేత కొట్టేయించుకుంటే అది మళ్ళీ జన్మకు బాకీ పడుతుందని ఆమె భయం. పెద్దమ్మ వచ్చి మా అరుగు మీద కూర్చుంది.

"పాపమైతే కత్తికెట్ల ఊడొస్తదత్తా? తల నెరుస్తలేదా, గిదీ గట్లనే. కన్ను నెరిసింది."

నాయినమ్మ ఒళ్ళో ఉన్న పుస్తకాన్ని తడిమింది. చివరికి, కట్టు కట్టి ఉన్నన్నాళ్ళూ పిల్ల పక్కన కూర్చుని పురాణం చదివితేనే వస్తానంది. ఆ విధంగా బడి ముఖం చూడని నాకు మొదటిసారి ఒక ఉద్యోగం దొరికింది.

ఇక చందాల సంగతి. అందరూ డబ్బు అడుగుతారు. పెద్దమ్మ మంచాలు అడిగింది. బట్టల దుకాణం ఆయన ఒకరు నోట్లు తీసి చేతిలో పెట్టబోతే, ఆమె చేతులు వెనక్కి కట్టుకోవడం నేను పక్కనుండి చూశాను. "పైసలిచ్చినోడు ఇచ్చి మరిచిపోతడు తమ్మీ. మంచమిచ్చినోడు నా మంచం మీద ఎవరు పండిన్రో అని చూడనీకి వస్తడు. నాకు నీ పైసలు కాదు, నువ్వు రావాలె" అంది. ఆయన నవ్వుతూ తను పడుకునే నవారు మంచమే ఇప్పించాడు. శిబిరానికి ముందురోజు పొద్దున వరంగల్లు బజార్ల వెంట మంచాలు నడిచొచ్చాయి. బండ్ల మీద, రిక్షాల మీద, మనుషుల నెత్తుల మీద, కాళ్ళు ఆకాశానికి ఎత్తుకుని. కాశిబుగ్గ నుంచి అనసూయ అనే నేతపని ఆమె తన ఇంట్లో ఉన్న ఒకే ఒక నులక మంచాన్ని తెచ్చింది. మరి మీరెక్కడ పడుకుంటారని మా అమ్మ అడిగితే, నేలకు ఏమొచ్చిందని ఎదురడిగింది.

ఆపరేషన్లకు బడివాళ్ళు ఒక గది ఇచ్చారు. ఆపరేషనైన వాళ్ళు కదలకుండా పడుకోవడానికి పెద్ద చోటు కావాలి. పెద్దనాయన తన గోదామును ఖాళీ చేయించి ఇచ్చాడు. హమాలీలు దాన్ని మళ్ళీ మళ్ళీ కడిగారు, సున్నం వేశారు. పెద్దనాయన మూలమూలా తిరిగి చూసి గుడిలా ఉందన్నాడు. పెద్దమ్మ కూడా గాలి పీల్చి అదే మాటంది. తప్పు జరిగింది అక్కడే. కడిగినవాళ్ళు, సున్నం వేసినవాళ్ళు, చూసి మెచ్చుకున్నవాళ్ళు అందరూ మిర్చిలో పుట్టి పెరిగినవాళ్ళే. మిర్చి ఘాటు వాళ్ళ ముక్కులకు ఎప్పుడో తెలియకుండా పోయింది.

సాయంత్రం మొట్టమొదట మంచం మీద పడుకున్నది మా నాయినమ్మ. గాలి కోసమని ఫ్యాన్లు వేశారు. కప్పు దూలాల మీద ఏళ్ళ తరబడి పేరుకున్నదంతా మెల్లగా కిందికి దిగింది. నాయినమ్మ తుమ్మింది. పక్క మంచం మీద కొమురమ్మ అనే కూలి అవ్వ తుమ్మింది. ఆ తర్వాత ఎవరు ఎప్పుడు తుమ్ముతున్నారో తెలియలేదు. మంచాలన్నీ కిర్రుకిర్రుమంటుంటే, మధ్యలో పెద్దనాయన నిలబడి, ఏమైంది వీళ్ళకు అని నిజంగానే ఆశ్చర్యపోతున్నాడు. సరిగ్గా అప్పుడే డాక్టరు లోపలికి వచ్చి, నమస్కారానికి చేతులెత్తి, అలాగే తుమ్మాడు.

ఆయన మంచివాడు, కోప్పడలేదు. పచ్చి కుట్ల మీద గట్టిగా ఒక్క తుమ్ము వస్తే కన్ను మొత్తం పోతుందని, రోగులను ఇక్కడ పడుకోబెట్టేటట్టయితే తను కత్తి పట్టలేనని చెప్పాడు. మళ్ళీ వచ్చేది ఎప్పుడంటే వచ్చే చలికాలమన్నాడు. నాయినమ్మ నా చెయ్యి వెతికి పట్టుకుని, "వచ్చే చలికాలందాక నేనుంటనో, ఉండనో" అంది మెల్లగా. ఈ ఒక్క పూట దాటిపోతే ఆమె అరచెయ్యి ఆ పేజీని ఇంక ఎప్పటికీ తడుముతూనే ఉంటుందని నాకు తెలిసిపోయింది. పెద్దమ్మ ఒక మంచం పట్టె మీద కూర్చుండిపోయింది. నేను మనసులో పాలకుర్తి గుట్ట మీది స్వామిని పిలుచుకున్నాను.

ఆమె తలెత్తి వాకిలి వైపు చూసింది. మంచాలిచ్చినవాళ్ళంతా అక్కడ గుంపుగా నిలబడి ఉన్నారు. ఆమె అన్నట్టే, ఎవరు పండారో చూడడానికి వచ్చారు. పెద్దమ్మ లేచింది.

"ఎవరి మంచం వాళ్ళు తీస్కపోన్రి. మంచం మీద ఎవరుంటె వాళ్ళతోని సహా."

ఎవరికీ ఒక్క క్షణం అర్థం కాలేదు. ఆమె విడమరిచి చెప్పింది. పొద్దున బడి గదిలో ఆపరేషను, అక్కడినుంచి రోగి మంచమిచ్చినవాళ్ళ ఇంటికి. డాక్టరు రోజూ ఇల్లిల్లూ తిరిగి చూసుకోవచ్చు, నడిచినంత దూరం చాయ్ తనది. డాక్టరు ఆలోచించి, ఆ ఇళ్ళల్లో పోపు ఘాటు మాటేమిటని అడిగాడు. పెద్దమ్మ ఆడవాళ్ళ వైపు తిరిగింది. కట్లు విప్పేదాకా పోపు బందు, మిరపకాయ వేయించుడు బందు అంది. "అట్లనే కాంతక్కా" అని ముందుగా పలికింది అనసూయ. బట్టల దుకాణం ఆయన గొంతు సవరించుకుని, తనింట్లో కూడా బందేనన్నాడు. డాక్టరు నవ్వాడు. ఉంటానన్నాడు.

మేమిచ్చిన మంచం మీద ఉన్నది కొమురమ్మ. ఆమెను మా అమ్మ తీసుకుపోయింది. నాయినమ్మ ఉన్నది అనసూయ మంచం మీద. నాయినమ్మకు మడి ఉంది. పరాయి ఇంట మంచినీళ్ళు తాగి ఎరగదు. కాశిబుగ్గ పోవాలనగానే ముఖం బిగుసుకుంది. తన వంట తనే చేసుకుంటానంది.

"కండ్లకు గంతలు కట్టుకోని పొయ్యి కాడ కూసుంటవా అత్తా?" అంది పెద్దమ్మ.

నాయినమ్మకు కోపం వచ్చిందనుకున్నాను. అనసూయ మధ్యలో కల్పించుకుని, తలస్నానం చేసి తడిబట్టతోనే వండుతానని చెప్పింది. నాయినమ్మ ఆ గొంతు వచ్చిన వైపు తల తిప్పింది. "చలికాలంల తడిబట్టెందుకు బిడ్డా. పొడిబట్టతోనే వండు, తింట" అంది. చిన్నప్పటినుంచి ఎన్ని పురాణాలు చదివానో కానీ, వాటి సారం నాకు అర్థమైంది ఆ మాట విన్న రోజే.

అనసూయ ఇల్లంటే ఒక గది, అందులో సగం మగ్గం. నాయినమ్మ తల కదలకూడదని అనసూయ భర్త నేత ఆపేశాడు. అది తెలిసి నాయినమ్మ ఊరుకోలేదు. నేయమంది. చీకట్లో పడున్న తనకు ఆ చప్పుడుంటేనే పొద్దు పొడిచిందో గూకిందో తెలుస్తుందని చెప్పింది. ఆ చప్పుడు లయలోనే నేను చదివేదాన్ని. నవ్వించే ఘట్టాలు దాటేయమని డాక్టరు నాకు మరీ మరీ చెప్పాడు. నేను జాగ్రత్తగానే ఉన్నాను కానీ పెద్దమ్మతోనే ఇబ్బంది వచ్చింది. ఆమె రోజూ వచ్చి, పోపులేని పప్పు చూసి పెద్దనాయన ఎట్లా నిట్టూరుస్తున్నాడో అభినయించి చెప్పేది. నాయినమ్మ పెదవులు వణకడం చూసి అనసూయ ఆమెను గడప బయటే నిలబెట్టింది. "నువ్వు ఆణ్ణే ఉండు కాంతక్కా. నువ్వొస్తె అవ్వ నవ్వుతది, కన్ను పోతది." ఊరంతటినీ నడిపించిన మనిషి, చెప్పినట్టు వాకిట్లో నిలబడి లోపలికి తొంగి చూసేది.

కట్టు విప్పిన రోజు వీధి వీధంతా డాక్టరు వెంట నడిచింది. ఆయన నాయినమ్మ కంటిని తుడిచి, మందపాటి అద్దాలు పెట్టాడు. ఆమె ఎదురుగా అనసూయ నిలబడి ఉంది. నాయినమ్మ ఆమెను కాళ్ళనుంచి తలదాకా నెమ్మదిగా చూసింది.

"ఇన్ని దినాలు నీ చేతి బువ్వ తిన్న, నీ మొఖం ఇయ్యాల చూస్తాన. బొట్టు వంకరగున్నది, సరిజేస్కో బిడ్డా."

అనసూయ బొట్టు సరిచేసుకోబోయి ఏడ్చేసింది. నాయినమ్మ పుస్తకం కోసం నావైపు చెయ్యి చాచింది. ఆ రోజు ఆమె చదివింది, నేను విన్నాను. అక్షరం అక్షరం కూడబలుక్కుంటూ, మగ్గం ఆగితే ఆగుతూ, రెండు వాక్యాలు. వాకిట్లోంచి పెద్దమ్మ, "ఇగ నవ్వొచ్చునా డాక్టరుగారూ?" అని అడిగింది.

ఆ తర్వాత ఏటేటా శిబిరం జరిగింది. గోదాము ఊసు ఎవరూ ఎత్తలేదు. ఇళ్ళలోనే మంచాలు వేశారు. ఒకరిద్దరికి చూపు రాలేదు. వాళ్ళ ఇళ్ళకు పెద్దమ్మ పోయి ఊరికే కూర్చుని వచ్చేది, ఏమీ చెప్పేది కాదు. నేను ఆ పనిలోనే పెరిగాను. పెళ్ళయ్యాక కూడా మా ఇంటి ముందుగది ప్రతి చలికాలం ఎవరో ఒక అవ్వది. చదువుకోలేదన్న చిన్నతనం నాకు ఎన్నడూ లేకపోవడానికి కారణం ఆ గదే. నా చదువు ఎవరికో అవసరమైంది. అంతకన్నా ఏ పట్టా ఏం చెబుతుంది?

నాయినమ్మ ఆ కళ్ళతో పాలకుర్తి గుట్ట ఎక్కింది, ముని మనవలను చూసింది, తృప్తిగా వెళ్ళింది. పెద్దమ్మ కూడా వెళ్ళి చాలా ఏళ్ళయింది. ఆమె పేరు ఏ గోడ మీదా లేదు. ఫోటో దిగడానికి ఆమెకు ఎప్పుడూ తీరిక దొరకలేదు. అందుకని చదివేవారిని ఒకటి అడుగుతున్నాను. ఎప్పుడైనా పరాయివారొకరు మీ ఇంట జబ్బుగా పడుకోవలసి వస్తే, వాళ్ళకు దుప్పటి కప్పేటప్పుడు కాంతమ్మ పెద్దమ్మను ఒకసారి తలుచుకోండి. మీరు ఆమెను చూడలేదు కనుక చెబుతున్నాను. పొట్టి మనిషి, పెద్ద ముక్కుపుడక, ఎప్పుడూ సగం జారిన కొప్పు. లోపలికి రమ్మనేదాకా గడప బయటే నిలబడి ఉంటుంది. రమ్మనండి.