ఖాళీ కడుపుతో పంపకూడదని

ప్రయాణానికి ముందు పాముకి తిండి పెట్టకూడదని నాకు మూడుసార్లు చెప్పారు. చెప్పింది షికాగో దగ్గర నేపర్‌విల్‌లో మా అపార్ట్‌మెంట్‌కి రెండు వీధుల అవతల పెంపుడు జంతువుల కొట్టు నడిపే ముసలాయన. మూడేళ్ళుగా నేను ఎలుకపిల్లలు కొంటున్నది ఆయన దగ్గరే.

"వారం ముందు నుంచీ ఏమీ పెట్టకు. కడుపులో ఎలుక ఉండగా చలి తగిలితే అరగదు, కక్కేస్తుంది. కక్కిన పాము ఒక్కోసారి తేరుకోదు," అన్నాడు.

నేను బుద్ధిగా కాయితం మీద రాసుకున్నాను. ఇంజినీర్ని కాబట్టి కింద గీత కూడా గీశాను.

పాము నాది కాదు. నాతో అపార్ట్‌మెంట్ పంచుకున్న అమెరికన్ కుర్రాడిది. వాడికి పెళ్ళి కుదిరింది. తను కావాలో పాము కావాలో తేల్చుకోమందట ఆ పిల్ల. రెండు వారాలు చూస్తూ ఉండు, ఎవరికైనా ఇచ్చేస్తానని చెప్పి వెళ్ళినవాడు మళ్ళీ కనిపించలేదు. అది మూడడుగుల పాము, నారింజ రంగు, విషం లేదు. మన జెర్రిపోతులాగా ఎలుకలు తినే జాతి. ఇంట్లో కోడిగుడ్డు కూడా వండని నేను ఫ్రీజర్‌లో పచ్చిబఠాణీల పక్కన చచ్చిన ఎలుకల్ని దాచుకునే స్థితికి వచ్చాను.

దానికి పేరు పెట్టలేదు. "ఏమోయ్" అనేవాణ్ణి. సాయంత్రం ట్రైన్ దిగి ఇంటికి వచ్చి, బూట్లు విప్పుకుంటూ ఆఫీసు సంగతులన్నీ దానికే చెప్పేవాణ్ణి. పాముకి చెవులుండవని నాకు తెలుసు. వినే వాళ్ళు లేనప్పుడు అదొక పెద్ద లోపంగా అనిపించలేదు.

మా వాళ్ళకి మాత్రం అది పెద్ద విషయమైపోయింది. అప్పట్లో ఆ చుట్టుపక్కల తెలుగు కుటుంబాలు చాలా తక్కువ. శనివారాలు ఒకరింట్లో ఒకరు భోజనాలకి కలిసేవారు. పాము సంగతి తెలిశాక నా ఇంటికి రావడం మానేశారు. నాగుల చవితికి ఒకావిడ ఫోన్ చేసి, "పాలు పోశారా అండీ దానికి?" అని అడిగారు. పాము పాలు తాగదండీ అంటే, "అయితే ఏం పామండీ అది, అమెరికా పాము," అన్నారు. వెనక నలుగురు నవ్వడం వినిపించింది. సరదాకే అన్నారు. నాకు మండింది. ఆ తర్వాత పిలిచినా వెళ్ళడం తగ్గించాను. పాము వల్ల నన్ను దూరం పెట్టారని చాలాకాలం చెప్పుకున్నాను కానీ, సగం దూరం నేను పెట్టుకున్నదే.

ఎనభై రెండు జనవరిలో నాకు జార్జియాలో, అట్లాంటా దగ్గర ఉద్యోగం వచ్చింది. సామాను ముందే ట్రక్కులో వెళ్ళిపోతుంది. నేనూ పామూ కారులో రెండు రోజుల ప్రయాణం. పాలు పోశారా అని అడిగిన ఆవిడకే ఎలాగో తెలిసి మళ్ళీ ఫోన్ చేశారు. "వెళ్ళేముందు ఒక్కసారి లంచ్‌కి రండి. మీరొక్కరే రండి, దాన్ని మాత్రం కారులో వేసుకుని తీసుకురాకండి." ఆ చివరి మాట పట్టుకుని, ప్యాకింగ్ ఉందండీ అన్నాను. ప్యాకింగ్ అప్పటికే అయిపోయింది.

బయల్దేరే ముందు రోజు ఫ్రిజ్ ఖాళీ చేశాను. ఫ్రీజర్‌లో ఒకే ఒక ఎలుకపిల్ల మిగిలింది. పాము తిని తొమ్మిది రోజులైంది. గాజుపెట్టెలో అటూ ఇటూ తిరుగుతూ నాలుక ఆడిస్తోంది, ఆకలి మీద ఉన్నప్పుడు అలాగే చేసేది. నేను కాయితం తీసి చదివాను. గీత గీసిన వాక్యం కూడా చదివాను.

మా ఇంట్లో ఎవరు ఊరికి బయల్దేరినా పెరుగన్నం కలిపి పెట్టేవారు. వద్దంటే వినేవారు కాదు. బండి వెళ్ళిపోతుందన్నా సరే, రెండు ముద్దలు మింగితే గాని గడప దాటనిచ్చేవారు కాదు. చుట్టాలకీ అంతే, చందాకి వచ్చినవాళ్ళకీ అంతే. రెండు రోజుల ప్రయాణం పెట్టుకుని, ఇంట్లో తిండి ఉంచుకుని, ఒక ప్రాణిని ఖాళీ కడుపుతో బయటికి తీసుకెళ్ళడం నా వల్ల కాలేదు. చిన్నదే కదా, ఒక్కటే కదా అనుకున్నాను. ఎలుకపిల్లని గోరువెచ్చని నీళ్ళలో వేసి, మెత్తబడ్డాక పెట్టాను. అది ఆబగా మింగింది. చూసి నాకు కడుపు నిండినట్టయింది.

మర్నాడు పొద్దున బయట సున్నాకి బాగా కింద ఉంది. మిగతా కాయితమంతా అక్షరం తప్పకుండా పాటించాను. అరగంట ముందు కారు స్టార్ట్ చేసి వెచ్చబెట్టాను. పాముని దిండు గలీబులో వేసి మూతి ముడి వేశాను. ఐసు పెట్టుకునే తెల్లటి థర్మకోల్ పెట్టెకి పెన్సిల్‌తో చిల్లులు పొడిచి, వేడినీళ్ళ సంచిని తువ్వాలులో చుట్టి ఒక మూల పెట్టి, గలీబుని రెండో మూల సర్దాను. ఖాళీ గాజుపెట్టెని వెనక సీట్లో పెట్టి, థర్మకోల్ పెట్టెకి మూత వేసి, పక్క సీట్లో పెట్టి బెల్టు కట్టాను. ఆ సీట్లో ఎవరైనా కూర్చుని చాలా నెలలైంది. నా గిన్నెలు ట్రక్కులో వెళ్ళిపోయాయి కాబట్టి నేను పేపర్ కప్పులో కాఫీ తాగి బయల్దేరాను.

ఇండియానాలో సగం దూరం బాగానే సాగింది. తర్వాత హీటర్‌లోంచి చల్లగాలి రావడం మొదలైంది. కోటు విప్పి పెట్టె మీద కప్పాను. ఒట్టి స్వెట్టర్‌తో, చలికి పళ్ళు టకటకలాడుతుంటే నడిపాను. ఒక చోట ఆగి కాఫీ కౌంటర్‌లో వేడినీళ్ళు అడిగి సంచి మార్చాను. అది గంటసేపు కూడా వెచ్చగా ఉండలేదు.

కెంటకీలోకి వచ్చిన కాసేపటికి వాసన తగిలింది. ఎలుక వాసన, పులిసిపోయిన వాసన. ఏం జరిగిందో వెంటనే అర్థమైంది. చలిలో పెట్టె తెరవద్దని కూడా కాయితం మీదే ఉంది. తెరవకుండా, లోపల బతికుందో లేదో తెలియకుండా, మంచు మీద పదమూడు మైళ్ళు నడిపాను. "ఏమోయ్, ఏమోయ్," అంటూనే ఉన్నాను. నన్ను నేను తిట్టుకున్న తిట్లు ఇక్కడ రాయను.

మొదట కనిపించిన మోటెల్ దగ్గర ఆగాను. మధ్యాహ్నం మూడు దాటింది. కోటు కప్పిన ఐసు పెట్టెని పొత్తిళ్ళలో బిడ్డలా పట్టుకుని లోపలికి వెళితే, కౌంటర్ వెనక అతను తాళం ఇస్తూ, "ఐస్ మెషీన్ ఆ చివర ఉంది," అన్నాడు. థ్యాంక్స్ చెప్పాను.

గదిలో హీటర్ పూర్తిగా తిప్పి, బాత్‌రూమ్ నేల మీద కూర్చుని ముడి విప్పాను. మింగిన ఎలుక మింగినట్టే బయట పడి ఉంది. పాము దాని పక్కన చల్లగా, బరువుగా, తడి తాడులా ఉంది. చేతిలోకి తీసుకుంటే చుట్టుకోలేదు. చాలాసేపటికి ఒక్కసారి నాలుక బయటికి వచ్చింది, వెళ్ళిపోయింది.

కొట్టుకి ఫోన్ చేశాను.

"తిండి పెట్టావా?" అన్నాడు ముసలాయన, నేను చెప్పేలోపే.

"పెట్టాను."

"ఎప్పుడు?"

"నిన్న."

ఆయన తిట్టలేదు. తిడితే బాగుండేది. "వేడినీళ్ళలో వెయ్యకు. శుభ్రంగా తుడిచి, పొడి తువ్వాలులో పెట్టి, గది వెచ్చగా ఉంచు. తాగడానికి నీళ్ళు పెట్టు. రెండు వారాలు ఏమీ తినిపించకు. చేతిలోకి తీసుకోకు, దానితో మాట్లాడకు, మాటిమాటికీ మూత తీసి చూడకు. దాని మానాన దాన్ని వదిలెయ్. అది తింటే నాకు ఫోన్ చెయ్. తినకపోయినా చెయ్."

మర్నాడు మోటెల్ పక్క షెడ్డులో హీటర్ బాగు చేయించుకుని జార్జియా చేరాను. చేరానని చెప్పడానికి ఎవరూ లేరు.

కొత్త అపార్ట్‌మెంట్‌లో ఆ రెండు వారాలూ చాలా కష్టంగా గడిచాయి. గాజుపెట్టె మీద దుప్పటి కప్పాను. ఆఫీసు నుంచి వచ్చి, దానికి ఎదురుగా గోడకి ఆనుకుని కూర్చునేవాణ్ణి. మాట్లాడకూడదు. చూడకూడదు. అది చచ్చిపోతే అది నేను పెట్టిన తిండి వల్లే పోతుంది. ఇంకొక మాట కూడా ఉంది, అప్పుడు నాకు నేను చెప్పుకోలేదు. అది పోతే ఇంట్లో నేను నోరు విప్పే అవసరమే ఉండదు. బ్రెడ్డో అరటిపండో తిని పడుకునేవాణ్ణి. ట్రక్కు దింపి వెళ్ళిన పెట్టెలు కట్టినవి కట్టినట్టే ఉన్నాయి.

పదిహేనో రోజు, ఆదివారం మధ్యాహ్నం, వేలెడంత ఎలుకపిల్లని పెట్టి దుప్పటి కప్పేశాను. గంటాగి చూస్తే పళ్ళెం ఖాళీ. పాము నీళ్ళ గిన్నె చుట్టూ చుట్టుకుని, తల పైకెత్తి నా వైపు చూస్తోంది. ఇంకా రెండు రోజులు ఆగి, కక్కలేదని తేల్చుకున్నాకే ఫోన్ చేశాను.

"తిన్నది," అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

"మంచిది," అన్నాడు ముసలాయన. కొట్టులో చిలకలు అరుస్తున్నాయి. "ఒక్క మాట అడుగుతాను. నేను చెప్పినవన్నీ రాసుకున్నావు. అయినా ఎందుకు పెట్టావు?"

"మా ఇళ్ళల్లో ఎవరినీ ఖాళీ కడుపుతో ప్రయాణం పంపరు," అన్నాను. "పెట్టకుండా ఉండలేకపోయాను."

నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు.

"మరి ఆ పొద్దున నీకెవరు పెట్టారు?" అన్నాడు.

కాఫీ తాగానని చెప్పాను. ఆయన "ఊఁ" అన్నాడు. ఫోన్ పెట్టేశాక, మూడేళ్ళలో ఎప్పుడూ ఏడవనంత ఏడ్చాను. భోజనానికి రమ్మన్న ఆవిడ గొంతు గుర్తొచ్చింది. వెళ్ళి ఉంటే తప్పకుండా పెరుగన్నం పెట్టే పంపేవారు.

ముఖం కడుక్కుని, పెట్టెల్లో గిన్నెలున్నదేదో వెతికి తాడు కోశాను. బియ్యం కడిగి పొయ్యి మీద పెట్టాను.