టీచరు గారి వాకిట్లో నీళ్ళు

2023 ఎండాకాలం. రాజమహేంద్రవరంలో సొంతంగా లాండ్‌స్కేపింగ్ పనులు మొదలుపెట్టి అప్పటికి కొన్నేళ్ళయింది. అంతకుముందు కడియం వైపు ఒక నర్సరీలో లెక్కలు చూసేదాన్ని. మొక్కలు కొనడానికి వచ్చినవాళ్ళు "ఇది ఎక్కడ పెట్టాలండి, నీడలో బతుకుతుందా?" అని నన్నే అడిగేవారు. చెప్పగా చెప్పగా అదే నా వృత్తి అయింది. ఇంటిముందు ఖాళీ స్థలాన్ని చూడముచ్చటగా తీర్చిదిద్దడమే లాండ్‌స్కేపింగ్ అనుకుంటారు చాలామంది. మొక్కలు నాటడం ఆ పనిలో చివరి భాగం. అంతకుముందు మట్టి ఉంది, వాలు ఉంది, నీళ్ళు ఎటు పోతాయన్న చూపు ఉంది. ఆ చూపు నాకు బాగానే ఉందని అనుకునే రోజుల్లో ధవళేశ్వరం నుంచి రత్నకుమారి గారు ఫోన్ చేశారు.

ఆవిడ గవర్నమెంటు స్కూల్లో టీచరు. భర్త జేమ్స్ గారు కూడా టీచరే, మొగల్తూరులో. ఎనిమిదేళ్ళుగా ఆయన అక్కడ, ఆవిడ ఇక్కడ. ఆయన శనివారం సాయంత్రం బస్సు దిగేవారు, ఆదివారం చర్చి అయ్యాక భోజనం చేసి మళ్ళీ బస్సెక్కేవారు. చివరికి ఆవిడకి మొగల్తూరు దగ్గరికే బదిలీ అయింది. అక్కడ ఒక ఇల్లు చూసుకున్నారు. ధవళేశ్వరంలో ఇల్లు అమ్ముడైతేనే అది కొనగలరు. అమ్ముడవడం లేదు.

"మూడుసార్లు బేరానికొచ్చారండి లక్ష్మి గారూ," అన్నారు రత్నకుమారి గారు గేటు తీస్తూనే. "గదులు బాగున్నాయన్నారు, గాలి బాగా వస్తోందన్నారు. నవ్వుతూ వెళ్ళారు. మర్నాటి నుంచీ ఫోన్ ఎత్తరు. వాకిలి చూసే వెనక్కి తగ్గుతున్నారని బ్రోకరు అంటున్నాడండి. మీరు బాగా పచ్చగా చేసిపెట్టండి. ఫొటోలో చూడగానే వచ్చేయాలి."

వాకిలి నిజంగానే బాగాలేదు. పగిలిన సిమెంటు చప్టా, ఆ పగుళ్ళలో గడ్డి, మూల ఎండిపోయిన క్రోటన్లు. ఒక్క కొబ్బరి చెట్టు, దాని పక్కన అల్లుకుపోయిన సన్నజాజి మాత్రం బతికున్నాయి. కానీ నా కళ్ళు ప్రహరీ గోడ మీద పడ్డాయి. నేలకి జానెడు ఎత్తున గోడ పొడుగునా నల్లటి చార ఉంది. నీళ్ళు నిలిచినచోటే అలాంటి చార పడుతుంది.

"వానాకాలంలో ఇక్కడ నీళ్ళు నిలుస్తాయా అండి?" అని అడిగాను.

"కొంచెం నిలుస్తాయండి."

"కొంచెమంటే ఎంత?"

ఆవిడ చేత్తో గేటు వైపు చూపించి, "గుమ్మం ముందు విడిచిన చెప్పులు గేటు దగ్గరికి వెళ్ళిపోతాయండి," అన్నారు. ఇద్దరం నవ్వేశాం.

మా పనిలో మొదట చూసేది లెవెల్. సన్నటి పారదర్శకమైన గొట్టంలో నీళ్ళు నింపి, రెండు కొసలూ రెండు చోట్ల పట్టుకుంటే ఏది ఎత్తో ఏది పల్లమో తెలిసిపోతుంది. వీధి రోడ్డుని పలుమార్లు వేసి ఎత్తు పెంచారు. దానితోపాటు ముందున్న డ్రైనూ పైకొచ్చింది. దక్షిణం పక్క ఇంటివాళ్ళు తమ స్థలంలో మట్టి పోయించి ఎత్తు చేసుకున్నారు. మధ్యలో టీచరు గారి వాకిలి పళ్ళెంలా మిగిలిపోయింది. ఎత్తు చేద్దామంటే ఇంటి పునాదే తక్కువ. వాకిలి లేపితే నీళ్ళు వరండాలోకి వస్తాయి. పైగా అడుగున బంకమట్టి. అది నీటిని మింగదు.

ఆ వాకిట్లో లాన్ వేస్తే మొదటి వానకే కుళ్ళుతుంది. ముందు నీళ్ళకి దారి చూపించాలి. ఉన్న దారి ఒక్కటే. దక్షిణం పక్క ఇంటికి అవతల ఒక సందు ఉంది. ఆ సందులో డ్రైను బాగా లోతుగా ఉంది. ఆ ఇంటివాళ్ళ ప్రహరీ వెంట భూమిలో ఒక పైపు వేస్తే నీళ్ళు వాటంతటవే అందులోకి పోతాయి.

ఈ మాట చెప్పగానే రత్నకుమారి గారి ముఖం మారిపోయింది. "ఆయన్ని మాత్రం అడగనండి. నాలుగేళ్ళయింది మాటల్లేవు. మట్టి పోయించినప్పుడు గొడవైంది. వేరే దారి చూడండి."

"వేరే దారి లేదండి."

"అయితే పూలమొక్కలే పెట్టండి. వానలొచ్చేలోగా అమ్మేస్తాం."

ఆ పని నేను చేయలేను. కొనుక్కున్నవాళ్ళు మొదటి వానకి నన్నే తిట్టుకుంటారు. ఆ మాటే మెల్లగా చెప్పి, పక్కింటికి నేనే వెళ్ళాను.

పక్కింటాయన పేరు సూర్యనారాయణ గారు. ఊరి బయట వరిపొలం ఉన్న రైతు. వరండాలో పడక్కుర్చీలో కూర్చుని పేపరు చదువుతున్నారు. నేనెవరో చెప్పగానే, "టీచరమ్మ పంపించిందా?" అన్నారు.

"లేదండి, నేనే వచ్చాను."

"మొక్కలు పెట్టినంత మాత్రాన ఆ ఇల్లు అమ్ముడవదండి. కొనేవాళ్ళు ఆ గేటు దాటి నేరుగా మా ఇంటికే వస్తున్నారు. 'ఏవండీ, ఇక్కడ నీళ్ళు నిలుస్తాయా?' అని అడుగుతున్నారు. నిలుస్తాయన్నాను. అబద్ధం చెప్పమంటారా?"

మూడు బేరాలు ఎందుకు పోయాయో బ్రోకరుకీ తెలియదు, టీచరు గారికీ తెలియదు. ఈయన కక్షతో చెప్పలేదు. అడిగినదానికి ఉన్నమాట చెప్పారు, అంతే. ఇల్లు కొనేవాళ్ళు నిజం తెలుసుకోవడానికి పక్కింటి తలుపు తడతారన్న సంగతి నాకప్పటిదాకా తట్టనే లేదు.

వాదించి లాభం లేదనిపించింది. "మీ వంటింటి గోడ ఒకసారి చూడొచ్చా అండి?" అని అడిగాను. ఆ గోడ టీచరు గారి వాకిలి వైపే ఉంది. లోపల అడుగుభాగమంతా చెమ్మ ఎక్కి సున్నం పెచ్చులుగా ఊడుతోంది.

"అక్కడ నిలిచిన నీళ్ళని ఈ గోడ తాగుతోందండి," అన్నాను.

ఆయన భార్య అనంతలక్ష్మి గారు పొయ్యి దగ్గర నుంచే అందుకున్నారు. "నేనెప్పట్నుంచో మొత్తుకుంటున్నానండి. ఏటా సున్నం వేయించడం, ఏటా ఊడిపోవడం! వేయించుకోనివ్వండి ఆ పైపేదో."

సూర్యనారాయణ గారు గోడ మీద పెచ్చు ఒకటి గోటితో గీకారు. "నేను కాదంటున్నానా? ఆవిడ వచ్చి ఒక్క మాట అడగొచ్చు కదా!"

ఈ కబురు మోసుకుని మళ్ళీ ఇటు వచ్చాను. కొనేవాళ్ళు పక్కింట్లో అడుగుతున్నారని చెబితే టీచరు గారు మొదట నమ్మలేదు. తర్వాత వరండా మెట్టు మీద కూర్చుండిపోయారు. "ఆయన్ని తప్పుపట్టలేనండి. నీళ్ళు నిలిచే మాట నిజమే కదా," అన్నారు. "ఆ రోజు నేనూ తక్కువ అనలేదు. 'మీకు పొలాలున్నాయని ఊరంతా మీదేనా?' అన్నాను. వాళ్ళ పనివాళ్ళ ముందే అన్నాను."

ఆ ఆదివారం ఏం జరిగిందో నా కళ్ళారా చూశాను. కొలతలకని వెళ్ళాను. చర్చి నుంచి వచ్చిన భార్యాభర్తలు ఇంట్లోకి రాకుండా నేరుగా పక్కింటి గేటు దగ్గరికి నడిచారు. జేమ్స్ గారు ఒక అడుగు వెనకే ఉన్నారు. రత్నకుమారి గారు గుమ్మం ముందు నిలబడి, క్లాసులో పాఠం చెప్పే గొంతుతోనే, "అన్నయ్య గారూ, మీ గోడ వెంట పైపు వేసుకోనివ్వండి," అన్నారు.

సూర్యనారాయణ గారు లేచి నిలబడ్డారు. "లోపలికి రామ్మా. గుమ్మంలో నిలబడి అడిగేదేంటి? మట్టి పోయించేముందు నేనూ మీకొక మాట చెప్పాల్సింది. రండి మాస్టారూ, మీరూ రండి."

అనంతలక్ష్మి గారు అప్పటికే కాఫీ కలుపుతున్నారు. నాలుగేళ్ళ మాటలు ఆ పూట ఒక్కసారిగా బయటికొచ్చాయి. కొలతలు తీసుకోవడానికి నన్నెవరూ లేవనివ్వలేదు, కాఫీ తాగమని కూర్చోబెట్టేశారు.

మర్నాటి నుంచి పని మొదలైంది. మేము హార్డ్‌స్కేప్, సాఫ్ట్‌స్కేప్ అని రెండు మాటలు వాడతాం. రాయి, ఇటుక, పైపు, నడకదారి మొదటిది. మట్టి, గడ్డి, మొక్కలు రెండోది. పాత చప్టా పగలగొట్టించి, వాకిలి మధ్యగా కాలవ తవ్వించి, చిల్లుల పైపు వేసి, దాని చుట్టూ కంకర నింపించాను. దాని కొసని సూర్యనారాయణ గారి గోడ వెంట సందులో డ్రైనుదాకా తీసుకెళ్ళాం. పైపుకి బట్ట చుడితే మట్టి చేరదు. కాలవ మీద ఎర్రమట్టి, ఇసుక కలిపి పరిచాం. గేటు నుంచి గుమ్మందాకా పేవర్ల దారి వచ్చింది. పేవర్లంటే అచ్చుపోసిన సిమెంటు ఇటుకలు. వాటి మధ్య సందులు వదిలితే నీళ్ళు కిందికి దిగుతాయి. గోడ వెంట నందివర్ధనాలు, నూరువరహాలు, మందారాలు పెట్టాం. సన్నజాజికి కొత్త పందిరి వేశాం. కొబ్బరి చెట్టుని ముట్టుకోలేదు.

సూర్యనారాయణ గారు రోజూ ప్రహరీ మీదుగా తల పెట్టి చూసేవారు. "ఇంత గడ్డి వేస్తున్నారు, మరి మేయడానికి గేదెల్ని నేను తోలాలా?" అనేవారు. లాన్ గడ్డిని పిలకలుగా విడదీసి వరసల్లో గుచ్చుతాం. ఆ పనికి వచ్చిన ఆడవాళ్ళు వరినాట్లు ఊడ్చే కూలీలే. వాళ్ళు వంగి ఊడుస్తుంటే ఆయన ఆగలేకపోయారు. లుంగీ ఎగగట్టి గేటు తోసుకుని వచ్చేశారు. "వరస వంకర పోతోంది, చూసుకోండి!"

"ఇది చేను కాదండి బాబూ, గడ్డండి. అల్లుకుపోతుంది," అంది వాళ్ళలో పెద్దావిడ.

"ఏదైనా ఊడుపు ఊడుపే," అని తాడు తెప్పించి మరీ వరసలు సరిచేయించారు. ఆ వాకిలికున్నంత చక్కటి వరసల లాన్ నా పనిలో మరోటి లేదు.

స్కూళ్ళు తెరవడానికి కాస్త ముందు నాలుగో బేరం వచ్చింది. రాజమహేంద్రవరంలో పనిచేసే బ్యాంకు ఉద్యోగి, ఆయన భార్య, అత్తగారు. వాకిలి చూడగానే భార్యకి నచ్చేసింది. సన్నజాజి కింద నిలబడి సెల్ఫీ కూడా తీసుకుంది. అత్తగారు మాత్రం కళ్ళజోడు సర్దుకుని, "అంతా బాగానే ఉందమ్మా. వానొస్తే ఎలా ఉంటుంది?" అన్నారు.

రత్నకుమారి గారు నావైపు చూశారు. నేనేదో చెప్పబోయేలోగా గోడ అవతల నుంచి గొంతు వినిపించింది. "మాటలెందుకండి, చూపిస్తాను ఉండండి!"

మరుక్షణం పొలంలో వాడే లావుపాటి పైపు గోడ మీద నుంచి ఇవతల పడింది. బోరు మోటారు హోరుమంది. నీళ్ళు బుసకొడుతూ వాకిట్లోకి దూకాయి.

"అన్నయ్య గారూ! గడ్డి! గడ్డి పోతుంది!" అని టీచరు గారు కేక పెట్టారు. వేళ్ళు ఇంకా పూర్తిగా నాటుకోలేదు. పైగా ఆ కాలవని నేను బకెట్లతో పరీక్షించానే కానీ ఇలాంటి వరదతో కాదు. నీళ్ళు పేవర్లని ముంచేశాయి. చెప్పులు కదిలాయి. కొనేవాళ్ళు వరండా మెట్లెక్కేశారు. ఆయన తీరిగ్గా మోటారు కట్టేసి, "ఇప్పుడు కాఫీ తాగుదాం," అన్నారు.

ఆ కాఫీ రుచి నాకు తెలియలేదు. అందరి చూపూ వాకిలి మీదే. ముందు పేవర్లు బయటపడ్డాయి, తర్వాత గడ్డి కొసలు. నీళ్ళు ఎవరో లాక్కుంటున్నట్టు కిందికి దిగిపోతున్నాయి. అత్తగారు గ్లాసు పక్కన పెట్టి, సందులోకి వెళ్ళి డ్రైనులోకి చూసి వచ్చారు. "గలగలా పడుతున్నాయే!" అన్నారు. తర్వాత చెప్పులు విడిచి గడ్డిలో నడిచారు. పాదం ఎత్తి చూసుకున్నారు. బురద లేదు.

"పైపు మా స్థలంలోంచే పోతోందండి," అన్నారు సూర్యనారాయణ గారు. "ఎవరున్నా అలాగే పోతుంది. అది నా పూచీ."

ఆ సాయంత్రమే బేరం కుదిరింది. మొదటి మూడు బేరాల్లో ఎవరూ ఇస్తామనని ధర వచ్చింది. లారీలో సామాను ఎక్కించే రోజున అనంతలక్ష్మి గారు కన్నీళ్ళు పెట్టుకున్నారు. ఆయన మాత్రం, "మాటలు కలిసేసరికి మనుషులు వెళ్ళిపోతున్నారు," అని లారీ డ్రైవరు మీద ఊరికే విసుక్కున్నారు.

ఇంటి విలువ వాకిలితో పెరుగుతుందని నేను అందరికీ చెబుతూ ఉండేదాన్ని. ఆ మాట ఇప్పటికీ నిజమే. కానీ వాకిలి ప్రహరీ గోడతో ఆగిపోదని నాకు నేర్పింది ఈ పనే. నీళ్ళకి గోడలు తెలియవు, కొనేవాళ్ళ ప్రశ్నలకీ తెలియవు. అందుకే ఇప్పుడు ఏ సైట్‌కి వెళ్ళినా టేపు తీయకముందే ఇరుగుపొరుగు ఇళ్ళకి వెళ్ళి పలకరిస్తాను. వాళ్ళకి ఆ ఇంటి గురించి ఇంటివాళ్ళకంటే కాస్త ఎక్కువే తెలిసి ఉంటుంది.

ఆ మరుసటి ఏడాది రత్నకుమారి గారు మొగల్తూరు రమ్మన్నారు. "ఇక్కడంతా ఇసుకండి. పోసిన నీళ్ళు పోసినట్టే మాయమైపోతున్నాయి. ఒక్క మొక్కా బతకడం లేదు," అన్నారు ఫోన్లో, నవ్వుతూ. నేను వెళ్ళేసరికి ఆవిడా జేమ్స్ గారూ వరండాలో ఉన్నారు. వాళ్ళతోపాటు ఇటు పక్కింటివాళ్ళు, అటు పక్కింటివాళ్ళు, వెనకింటి పెద్దాయన కుర్చీలు వేసుకుని కూర్చుని ఉన్నారు.

"మీరెలాగూ ముందు వీళ్ళ దగ్గరికే వెళ్తారు కదా లక్ష్మి గారూ," అన్నారు ఆవిడ. "అందుకని నేనే పిలిచేశాను."