అత్త బగోన, నా తోముడు

స్టీలు సింకులో మరకలు పోవడం లేదని మా మనవరాలు విసుక్కుంటుంటే నాకు నవ్వొస్తుంది. మరకలు తీయడంలో నాకున్నంత అనుభవం బాన్సువాడ మొత్తంలో ఇంకొకరికి లేదు. అనుభవం అంటే, ఒక్కసారి తోమాను. ఆ ఒక్కసారికే ఇంట్లోవాళ్లు దండం పెట్టి ఇక చాలన్నారు.

నిజాం రాజ్యం నాటి మాట. అప్పుడు సింకు ఎక్కడిది? పెరట్లో ఒక బండ, పక్కన నీళ్ల గోలెం. నాకు కొత్తగా పెళ్లయింది. పిల్ల నా సొంత మేనత్త కూతురే, పిట్లం నుంచి వచ్చింది. ఆమె వెంట ఒక ఇత్తడి బగోన, అదే వంట గిన్నె, కూడా వచ్చింది. ఎంత పెద్దదంటే, దూడ అందులో పడితే ఈదుకుంటూ ఒడ్డుకు రావాల్సిందే. సరే, దూడ కాదు, పిల్లి. అది కూడా కాళ్లు ముడుచుకుంటేనే.

మా అత్త కేక వేస్తే మంజీరలో చేపలు వెనక్కి ఎదురీదేవి. అబద్ధం. ఆమె ఎప్పుడూ మెల్లగానే మాట్లాడేది. నాకు భయం కూడా అందుకే. ఒకసారి వచ్చినప్పుడు బగోనను బోర్లించి, అడుగున వేలితో రాసి, ఆ మసి వేలును నా తెల్ల ధోతికి తుడిచింది.

"నేనిచ్చిన్నాడు గిది ఇత్తడి. ఇప్పుడేంది, బొగ్గా? నాట్లయినంక మళ్లొస్త. అప్పటికి గీ నలుపు పోకుంటె నా బగోన నేను కొంటవోత."

బగోన పోతే ఇంకోటి దొరుకుతుంది. కానీ కూతురికిచ్చిన గిన్నెను తల్లే వెనక్కి పట్టుకుపోయిందంటే వాడకట్టులో నా భార్యకు తలెత్తుకునే దారి ఉండదు. ఆ పిల్ల రోజూ కొంచెం కొంచెం తోముకుంటూ వచ్చింది. సరిగ్గా అత్త వచ్చే ముందునాడు చేతికి గోరుచుట్టు లేచింది.

"నేను తోముత" అన్నాను.

"నువ్వా?" అని నన్ను పైనుంచి కిందికి చూసింది. "మీది మసి తియ్యి, సాలు. చింతపండు, బూడిద గాడ పెట్టిన." వేలికి పసరు కట్టించుకోవడానికి పక్కింటి అవ్వ దగ్గరికి పోయింది.

ధోతి ఎగగట్టి కూర్చున్నాను. బయటి మసి అంతా తీసేసరికి సూర్యుడే వచ్చి అందులో మొహం చూసుకున్నాడు. ఒక పక్క మాత్రమే. రెండో పక్క ఆయనకు కూడా కనబడేది కాదు. అప్పుడు లోపలికి తొంగి చూశాను. అంతటా బూడిద రంగు, మబ్బు పట్టినట్టు. బయట ఇంత తళతళ ఉంటే లోపల ఈ మరక ఏమిటి? ఇటుక పొడి, మంజీర ఇసుక, వరిగడ్డి తీసుకుని పట్టాను ఒక పట్టు. గీకిన కొద్దీ లోపల్నుంచి పచ్చగా బంగారం తేలింది. వేళ్ల తోలు లేచింది కానీ వదల్లేదు.

నా భార్య వచ్చి లోపలికి చూసి, అక్కడే బండ మీద కూలబడింది.

"ఏం జేసినవయ్యా! గది మరక గాదు, కలాయి!"

ఇత్తడి గిన్నె లోపల తగరం పూత పూస్తారు, అదే కలాయి. అది లేని ఇత్తడికి పులుపు తగిలితే చిలుము పుట్టి కూర విషమవుతుంది. కలాయి పెట్టేటాయనేమో కొలిమి సర్దుకుని మద్నూర్ దిక్కు వెళ్లిపోయాడు.

"అమ్మకేం జెప్పాలె?"

"దొంగలు పడ్డరని చెప్తం."

"గిన్నె ఇడిశిపెట్టి కలాయి గీక్కపోయిండ్రా?"

మరునాడు అత్త వచ్చింది. నా భార్య బగోనలో అన్నం మాత్రం వండి, చేపల పులుసు కుండలో కాచింది. అత్త పులుసు వాసన చూసి, కుండ వైపు చూసింది.

"బగోన ఉండంగ కుండల కాశినవేందే?"

"కుండల రుచుంటదమ్మా."

అత్త గంటె తీసుకుని అన్నాన్ని అడుగుదాకా తవ్వింది. అడుగున పచ్చగా మెరిసింది. ఆమె కూతురి కట్టు వేలు చూసింది. తర్వాత తోలు లేచిన నా వేళ్లు చూసింది.

"నువ్వేనా, అల్లుడా?"

"జర్ర మరకుండె, అత్తా..."

"మా ఇంట్ల మొగోళ్లు తిన్న కంచం గూడ జరుపలే. నువ్వు కలాయి ఊడేదాంక తోమినవా!" గోడకు ఆనుకుని, కళ్లలో నీళ్లొచ్చేదాకా నవ్వింది. తర్వాత కొంగుతో మొహం తుడుచుకుని, "ఇగ బగోన కొంటవోత" అంది.

నా భార్య మొహంలో నెత్తురు లేదు.

"కలాయి వెట్టించి మళ్ల నేనే తెస్తనే, పిచ్చిదానా. గానీ కొంటవోతుంటే చూసినోళ్లు ఒకటికి పది అంటరు. అల్లుడా, నెత్తిమీద వెట్టుకో!"

అత్త వచ్చిన బండి గల్లీ చివర ఆగి ఉంది. అన్నం తీసి కడిగిన బగోన నెత్తిన పెట్టుకుని నేను ముందు, వెనక అత్త. ఆనాడు ఆమె మెల్లగా మాట్లాడలేదు. ప్రతి గడప ముందూ ఆగి, "మా అల్లుడు తోమిండమ్మా! కలాయి గూడ మిగిలియ్యలే, గంత మంచిగ తోమిండు! పెట్టించి మళ్ల తెస్త!" అని చాటింపు వేసింది. ఊరంతా కదిలి వచ్చింది. ఊరంతా కాదు, మా గల్లీ. అందులోనూ ఆడవాళ్లే.

వెనక్కి తిరిగి చూస్తే నా భార్య తలుపులో నిలబడి ఉంది. తల దించుకోలేదు. కట్టు కట్టిన వేలితోనే కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వుతోంది.

పొద్దుగూకకముందే పక్కింటన్న వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. అతని చేతికి బూడిద.

"నీకో దండం రా తమ్మీ," అన్నాడు. "మా ఇంటామె గూడ బగోన తెచ్చి నా ముందల వెట్టింది."