చెంగయ్య దరఖాస్తులో నేను మార్చిన నెల

పదేళ్లుగా ఒక్క నెల బరువు మోస్తున్నాను. ఎవరితోనూ అనలేదు, ఇంట్లో మనిషితో కూడా. మీరు నన్ను ఎరగరు కాబట్టే మీతో చెప్పగలుగుతున్నాను.

మాది కృష్ణపట్నానికి దక్షిణాన ఒడ్డు పల్లె. మూడో తరగతితో బడి మానేశాను. పంచాంగాన్నీ గోడ కేలండరునూ పక్కపక్కన పెట్టుకుని, తిథుల్ని ఇంగ్లీషు తేదీల్లోకి మార్చడం నాకు నేనే నేర్చుకున్నాను. మావాళ్లకు పుట్టుకైనా చావైనా పండుగతోనే గుర్తు. సర్కారు కాగితానికి తేదీ కావాలి. అందరూ నా దగ్గరికే వచ్చేవారు. నా లెక్క తప్పదని పేరు.

అప్పట్లో మా ఐదు కుటుంబాలకు కలిపి ఒక పెద్దవల ఉండేది. పడవ మీద తీసుకెళ్లి సముద్రంలో చుట్టూ వేసి, ఒడ్డున రెండు వరసలుగా నిలబడి లాగాలి. ఇరవై నాలుగు మంది పట్టుకుంటేనే కదిలేది. చెంగయ్య పాట ఎత్తుకునేవాడు. కాళ్ల కింద ఇసుక జారిపోతుంటే మేమంతా అందుకునేవాళ్లం. ఆ తడి తాడు వాసన తలుచుకుంటే ఇప్పటికీ ప్రాణం లేచి వస్తుంది.

తర్వాత చేప తగ్గింది. కొలంబు రేవులో కూలి బాగుందని ఒక్కొక్కరే సిలోను దారి పట్టారు. అక్కడా పని కరువై సిలోను సర్కారువాళ్లు తలుపులు మూశారు. ఫలానా ఏడాది డిసెంబరులోపు మొదటిసారి వచ్చినవాళ్లకే మళ్లీ పర్మిట్ అన్నారు. చెంగయ్య చిన్నప్పుడు తండ్రితో వెళ్లి అక్కడే పెరిగినవాడు. పెళ్లికని వచ్చి, మాతో వల లాగుతూ ఇక్కడే చిక్కుకుపోయాడు. దరఖాస్తు పట్టుకుని వచ్చాడు.

"మొదట ఎప్పుడు పోయినావురా?"

"సుబ్బరాయ షష్ఠికి పుట్టలో పాలు పోసి, మర్నాడే పడవెక్కినామన్నా. మా అమ్మ చలిమిడి మూట కట్టిచ్చినాది. బాగా గుర్తుండాది."

"ఇంగిలీషు నెల?"

"అది తెలిస్తే నీ కాడికెందుకొస్తాను? మొప్పలు చూసి చేప ఎన్నాళ్లదో చెప్తా. నా సంగతి మాత్రం నువ్వే చెప్పాల."

ఇద్దరం నవ్వుకున్నాం.

అతను పోయింది వాళ్లు గడువు పెట్టిన ఏడే. ఏ ఏడైనా సుబ్బరాయ షష్ఠి డిసెంబరు దాటదు. అది నాకు తెలుసు. ఆ దరఖాస్తు రాసేనాటికి వల లాగేవాళ్లం సరిగ్గా ఇరవై నాలుగు మందిమి. అదీ తెలుసు. మరుసటి ఏడు జనవరి అని రాశాను. అతని బొటనవేలు పట్టుకుని నేనే ముద్ర వేయించాను.

ద్వేషమా? కాదు. పిల్లల ఆకలా? కొంత. కొంత మాత్రమే. సిలోనువాళ్లకు చేతులు ఎక్కువయ్యాయి, నాకు తక్కువయ్యాయి. వాళ్లు చట్టం రాశారు, నేను ఒక నెల రాశాను. అయితే వాళ్లు చెప్పి చేశారు.

దరఖాస్తులో జనవరి ఉందని పర్మిట్ రాలేదు. ఆ ఏడు వల నిండింది. చెంగయ్య పాడాడు. నా బతుకులో అంత మంచి కాలం మళ్లీ రాలేదు, దాన్ని నేను దొంగిలించి తెచ్చుకున్నానని తెలిసినా ఆ ఉదయాలు తీపిగానే గుర్తొస్తాయి, దీనికేం చేయను?

మరుసటి ఏడు చేప అసలే లేదు. వల అమ్మేశాం. చెంగయ్య దొంగ పడవెక్కాడు. నాలుగేళ్లు కొలంబులో వేరే పేరుతో దాక్కుని బతికాడు. తల్లి పోయిన కబురు వెళ్లినా రాలేకపోయాడు. చివరికి పట్టుబడి, జైల్లో ఉండి, దగ్గుతో తిరిగొచ్చాడు.

వచ్చిన వారానికి నా అరుగు మీద కూర్చుని అన్నాడు: "నీ లెక్క తప్పదు గదన్నా. నేనే తప్పు చెప్పుంటా. అది షష్ఠి కాదేమో, రథసప్తమేమో. అమ్మ చలిమిడి ఇచ్చిందో, నేనే కలగన్నానో."

నేను తల ఊపాను. ఒక నెల మార్చాననుకున్నాను. వాళ్లమ్మనే మార్చేశాను.

చెంగయ్య ఇల్లు మా ఇంటికి పదకొండోది. నిజం చెప్పడానికి ఇంకా వెళ్లలేదు. వెళ్తానో లేదో కూడా మీకు మాట ఇవ్వలేను. మీకు చెప్పినందుకే గుండె బరువు కొంచెం సడలింది. ఆ సుఖానికి నాకు హక్కు లేదు. అయినా సడలింది.