ఎల్లమ్మత్త బొమ్మకు నేను వేసిన దండ

నిక్షేపంలా బతికున్న మనిషిని ఒక్క బొమ్మతో చంపేసిన ఘనుణ్ణి నేను. కేసు పడలేదు గానీ, పడాల్సిందే. మీరే వినండి.

బొంబాయి కామాటిపురలో ఫ్లెక్సు బ్యానర్ల దుకాణంలో పనిచేసేవాణ్ణి. ఏడో క్లాసులోనే చదువు నన్ను వదిలించుకుంది. పిచ్చోడి చేతిలో రాయి అంటారు. మా సేఠ్ కంప్యూటరే ఇచ్చాడు. పుట్టినరోజు బ్యానర్లు, పోయినవాళ్ల శ్రద్ధాంజలి బ్యానర్లు, నా కళాప్రపంచమంతా ఇదే.

వరసగదుల మా చాల్‌లో పోశన్న మామ కవి. ఆయన కవితలకు దొరక్కుండా తప్పించుకున్న ఏకైక మనిషి ఆయన భార్య ఎల్లమ్మత్త. పెళ్లిరోజు వస్తోందని మామ ఆమె మీదే కవిత రాసి పట్టుకొచ్చాడు.

"దీనికి మంచి బొమ్మేసి గల్లీ మొగదల కట్టురా. ఈసారన్న మీ అత్త నా కవిత వినాలె" అని రాగం తీశాడు. "నా ఇంటి దీపమా! నా గుండెల పూలదండా! నా ఆకాశాన చుక్కా!"

"ఫికర్ జేయకు మామా. కవితల ఏముంటే అదే దింపుత."

దింపాను. నడుమ అత్త ఫొటో, ముందు దీపం, మెడలో దండ, వెనక ఆకాశం, చుక్కలు. మూల ఖాళీగా ఉంటే కళకు అవమానమని, నా సొంత తెలివితో రెండు అగరొత్తులు కూడా ముట్టించాను! కింద మామ కాగితాన్నే ఫొటో తీసి అతికించిన తెలుగు కవిత. మా గల్లీలో తెలుగు మాట్లాడేవాళ్లు బోలెడు, చదివేవాడు మామ ఒక్కడే. మేమంతా మరాఠీ బడి సరుకు. కాబట్టి బొమ్మే మాట్లాడాలి. మాట్లాడింది.

పెళ్లిరోజు పొద్దున్నే జనం మూగారు. అత్తేమో ముందురోజే వర్లిలో చెల్లెలింటికి వెళ్లింది. మనిషి కనపడదు, ఫొటోకు దండ ఉంది; ఇంకేం సాక్ష్యం కావాలి?

ఒకాయన మామను కావలించుకుని, "ధైర్యంగుండు పోశన్నా" అని బావురుమన్నాడు.

తన కవిత్వం మొదటిసారి మనుషుల్ని కదిలించిందని మామ పొంగిపోయాడు. "గింతకే ఏడుస్తే ఎట్ల బాబా? ఇంకా శానా ఉంది, ఇను!" అని గొంతెత్తి చదవసాగాడు.

"పాపం, మతి చలించింది" అన్నారెవరో.

రోజూ నల్లా దగ్గర అత్తతో యుద్ధం చేసే గంగవ్వ గుండెలు బాదుకుంది. "బంగారమసొంటి మనిషివి ఎల్లక్కా! నీ స్టీలు బిందె నేనే దాసిన్నే!"

"ఎక్కడ దాసినవే?"

వెనక నుంచి అత్త! చేతిలో సంచీ, కళ్లలో నిప్పులు. గంగవ్వ ఏడుపు ఎక్కిళ్ల మధ్య చేపముల్లులా ఇరుక్కుంది.

అత్త బ్యానర్ చూసింది. నన్ను చూసింది. "ఈ దండ ఎవడేసిండ్రా?"

"కవితల ఉండె అత్తా..." అంటూ విప్పేద్దామని నిచ్చెన ఎక్కాను.

"దిగు. పొద్దుమూకేదాక ఉండనీ. ఇంకెవరెవరొచ్చి నన్ను మంచిదంటరో చూస్త." పక్కింటి మెట్టు మీద కూర్చుని, పిండి చల్లినట్టు తెల్లబోయిన మామ వైపు తిరిగింది. "ఊరంతా ఏడ్చెటట్ల ఏం రాసినవయ్యా? సదువు, ఇంట."

ముప్ఫై ఏళ్ల కాపురంలో మొదటిసారి! మామ మొదలుపెట్టి, ఒక్క చరణం వదలకుండా చదివాడు. అత్త చివరిదాకా విని, లేచి, కొంగు దులుపుకుంది.

"దీనికన్న పిలగాడేసిన దండే నయముంది."

ఆ నిచ్చెన పట్టుకునే ఒట్టేశాను: ఇకమీదట ఎవరి మీద కవితకు బొమ్మ వేయాలన్నా, ముందు ఆ మనిషి నాడి పట్టుకుని చూస్తాను. కవిత నాడి చూడడం మాత్రం నా వల్ల కాదు.